టెక్సాస్‌లో నడుముకు పిస్తోలు: పైకి కనిపించేలా పెట్టుకోనివ్వడం సరైనదేనా?

సుజాత_ప్లేనో
మొన్న ఆదివారం గుడిలో ప్రసాదం వరుసలో నిలబడ్డాం. మా ముందున్న పెద్దమనిషి నడుముకు హోల్‌స్టర్, అందులో పిస్తోలు. మా చిన్నవాడు ఇంటికి వచ్చేదాకా నా చెయ్యి వదలలేదు. టెక్సాస్‌లో పిస్తోలు ఇలా పెట్టుకుని తిరగడాన్ని 1871లో నిషేధించారు, దాన్నే 2016 జనవరి 1 నుంచి లైసెన్సు ఉన్నవారికి అనుమతించారు. 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టం ప్రత్యేకంగా నిషేధించినవారు తప్ప, 21 ఏళ్ళు నిండినవారికి ఆ లైసెన్సూ అక్కరలేదు, శిక్షణ తరగతీ అక్కరలేదు. ఇది తప్పని నా గట్టి అభిప్రాయం. మీరేమంటారు?

వెంకట్_ఇర్వింగ్
నాకు గ్యాస్ స్టేషన్ దుకాణం ఉంది. ఒక రాత్రి పదకొండున్నరకు ఇద్దరు వచ్చి మెడ మీద కత్తి పెట్టారు. నేను ఫోను చేశాక పోలీసులు రావడానికి పందొమ్మిది నిమిషాలు పట్టింది. అంతసేపూ కౌంటరు వెనక నేల మీద కూర్చుని గోడ గడియారం చూశాను. ఇప్పుడు పిస్తోలు నడుముకు కనిపిస్తుంది, ఎవరూ రారు. దాచుకుంటే దొంగకు ఎలా తెలుస్తుంది? గుడి మాటకొస్తే, 2019 డిసెంబరు 29న ఫోర్ట్‌వర్త్ పక్కన వైట్ సెటిల్‌మెంట్ చర్చిలో ఒకడు ఇద్దరిని కాల్చి చంపాడు. వాణ్ణి ఆరు సెకన్లలో పడగొట్టింది అక్కడి భద్రతా బృందంలోని స్వచ్ఛంద సేవకుడు.

శాస్త్రి_ఆస్టిన్
రెండు సవరణలు. వెంకట్ గారూ, సొంత దుకాణంలో తుపాకీ పెట్టుకోవడానికి ఈ కొత్త చట్టాలు అక్కరలేదు, ముందునుంచీ చెల్లుతుంది. సుజాత గారూ, గుడివారు వద్దనుకుంటే ద్వారం దగ్గర 30.07 బోర్డు పెట్టవచ్చు, అంటే పైకి కనిపించే పిస్తోలుతో లోపలికి రావద్దని ఆ నంబరు చట్టం సెక్షను ప్రకారం పెట్టే బోర్డు. ఇంగ్లీషు, స్పానిష్ రెండింట్లోనూ, అంగుళానికి తగ్గని అక్షరాలతో ఉండాలి.

పద్మజ_కేటీ
పిల్లవాడు భయపడ్డాడని ఆవిడ చెబుతుంటే మీరు అక్షరాల ఎత్తు కొలుస్తున్నారా?

శాస్త్రి_ఆస్టిన్
కొలవాలి. అక్షరం చిన్నదైతే బోర్డు చెల్లదు, పోలీసును పిలిచినా ఏమీ చేయలేడు. 30.07 లైసెన్సు ఉన్నవారికి మాత్రమే. లైసెన్సు లేనివారు తుపాకీతో రావద్దనే 30.05 సెక్షను బోర్డు వేరుగా పెట్టాలి.

రఘు_హ్యూస్టన్
మన ఇండియాలో ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషనులో అప్పగించమంటారు. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

సుజాత_ప్లేనో
వెంకట్ గారూ, 2016 జులై 7న డాలస్‌లో అయిదుగురు పోలీసులను చంపిన రాత్రి గుర్తుందా? అక్కడ జరిగిన నిరసన ఊరేగింపులో ఒకాయన రైఫిలు భుజాన వేసుకుని నడిచాడు, చట్టం ప్రకారమే. పోలీసులు ఆయన ఫొటోనే నిందితుడిదని ప్రకటించారు. ఆయనకు ఏ సంబంధమూ లేదు. పోలీసులకే తెలియనిది, ఎవరు మంచివాడో వరుసలో నిలబడ్డ నాకెలా తెలుస్తుంది?

వెంకట్_ఇర్వింగ్
2023 మేలో డాలస్ దగ్గర అలెన్ ఊరి మాల్‌లో కాల్పులకు ఎనిమిది మంది పోయారు, అందులో మన తెలుగమ్మాయి ఉంది. అక్కడ ఆపింది కూడా తుపాకీ ఉన్న మనిషే.

సుజాత_ప్లేనో
ఆయన పోలీసు అధికారి. శిక్షణ పొందినవాడు. ఇక్కడ తీసేసింది ఆ శిక్షణనే!

వెంకట్_ఇర్వింగ్
మీరు హెచ్‌1బీ మీద ఉన్నామని ఇదివరకు ఇక్కడే రాశారు. మీకు తుపాకీ కొనే హక్కే లేదు. లేని హక్కు గురించి ఉన్నవాడికి చెప్పడం ఎందుకు?

శాస్త్రి_ఆస్టిన్
వేట లైసెన్సు ఉంటే వీసావారికీ మినహాయింపు ఉంది.

పద్మజ_కేటీ
శాస్త్రి గారూ, దయచేసి ఆగండి.

సుజాత_ప్లేనో
అవును, హెచ్‌1బీయే. గ్రీన్‌కార్డు వరుసలో పదమూడేళ్ళుగా ఉన్నాను. కానీ మా పెద్దవాడు ఇక్కడే పుట్టాడు, వచ్చే మార్చికి 21 నిండుతాయి. మీ హక్కు వాడికీ వస్తుంది. నా భయం అదే. 2016లో మినసోటాలో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి యువకుడి కారును పోలీసు ఆపాడు. అతను తన దగ్గర తుపాకీ ఉందని తానే చెప్పాడు, లైసెన్సూ ఉంది. అయినా కాల్చి చంపారు. కాల్చిన పోలీసును మరుసటి ఏడాది నిర్దోషి అన్నారు. మా వాడి రంగు కూడా తెలుపు కాదు. పిస్తోలు కట్టుకుని వాడు దుకాణానికి వెళితే మంచివాడని ఎవరు అనుకుంటారు?

వెంకట్_ఇర్వింగ్
ప్రసాదం వరుసలో మీ ముందున్నది నేనే.
ఈ దేశం వచ్చి ఇరవై ఏడేళ్ళయింది, పౌరసత్వం వచ్చి పదకొండేళ్ళు. సిగరెట్లు కొనడానికి వచ్చినవాడు చిల్లర విసిరి మీ దేశానికి పొమ్మనేవాడు. ఎన్నిసార్లు పడ్డానో లెక్కలేదు. ఇది కట్టుకున్నాక ఒక్కడూ అనలేదు. వాళ్ళకున్న హక్కు నాకూ ఉందని వాళ్ళకు కనిపించాలి. అందుకే దాచుకోను.

సుజాత_ప్లేనో
దొంగల కోసమన్నారు కదా?

వెంకట్_ఇర్వింగ్
దొంగల కోసమూ.

సుజాత_ప్లేనో
మిమ్మల్ని అలా అన్నవారి మీద నాకూ కోపమే. కానీ వాళ్ళు నోరు మూసుకున్నది మిమ్మల్ని తమవాడిగా ఒప్పుకుని అనుకుంటున్నారా? భయపడి మూసుకున్నారు. గుడిలో మా చిన్నవాడూ అలాగే మాట్లాడకుండా నిలబడ్డాడు.

శాస్త్రి_ఆస్టిన్
గుడి కమిటీకి ఉత్తరం రాస్తున్నాను. 30.07, 30.05 రెండూ అడుగుతాను.

వెంకట్_ఇర్వింగ్
రాయండి. బోర్డు పెడితే కారులో పెట్టి తాళం వేసి వస్తాను. పెట్టేదాకా తీయను.