చిన్న ఎస్‌ఎండీ బోర్డులకు ముందు ఏది కొనాలి: మంచి ఐరనా, హాట్ ఎయిరా?

అడిగినది
ఎస్‌ఎండీ అంటే రంధ్రాలు లేకుండా బోర్డు పైనే అంటించే పార్టులు: 0603 సైజు రెసిస్టర్లు, కెపాసిటర్లు, 0.5 మిల్లీమీటర్ల పిచ్ (పక్కపక్క కాళ్ల మధ్య దూరం) ఉన్న టీక్యూఎఫ్‌పీ ఐసీ (నాలుగు వైపులా కాళ్లుండే చిప్) ఒకటి, కొన్ని కనెక్టర్లు. ఇలాంటి ప్రోటోటైప్ బోర్డులు చేత్తోనే సోల్డర్ చేసుకోవాలి. టెంపరేచర్ కంట్రోల్ ఉన్న సోల్డరింగ్ ఐరన్, హాట్ ఎయిర్ స్టేషన్ (వేడి గాలి ఊదే పరికరం) రెండూ ఇప్పుడే కొనలేను. ముందు ఏది తీసుకోమంటారు? ఐరన్ అయితే సూదిలాంటి టిప్ ఉండాల్సిందేనా?

జవాబు 1
హాట్ ఎయిర్ తీసుకోండి. ప్యాడ్ల (పార్టులు అతికే రాగి చోట్ల) మీద సోల్డర్ పేస్ట్ రాసి, పార్టులు పెట్టి గాలి కొడితే కరిగిన సోల్డరే వాటిని సరైన చోటికి లాక్కుంటుంది. ఐసీ ఊడదీయాలన్నా అదే దిక్కు. ఐరన్‌తో అంత సన్న కాళ్ల మధ్య షార్టులు తప్పవు.

జవాబు 2
షార్టుల మాట ఒప్పుకోలేనండీ. అవి ఐరన్ వల్ల రావు, ఫ్లక్స్ (లోహం మీది ఆక్సైడ్‌ను తీసేసే పదార్థం) చాలకపోతే వస్తాయి. ఫ్లక్స్ ఉన్నంతసేపు కరిగిన సోల్డర్ రాగిని పట్టుకుంటుంది, మధ్యలో ఉన్న సోల్డర్ మాస్క్‌ను (బోర్డు మీది రక్షణ పూతను) పట్టుకోదు. ఫ్లక్స్ కాలిపోయాక ఆక్సైడ్ పొర కట్టి, టిప్ వెంట తీగలా సాగుతుంది. షార్టు అయ్యేది అప్పుడే.

ఐసీని ప్యాడ్ల మీద సరిగ్గా కూర్చోబెట్టి, ఎదురెదురు మూలల్లో ఒక్కో కాలు అంటించండి. భూతద్దంలో నాలుగు వైపులా చూసుకున్నాకే మిగతా పని. కాళ్ల వరుస పొడుగునా జెల్ ఫ్లక్స్ పూసి, టిప్ మీద కొద్దిగా సోల్డర్ తీసుకుని, తొందర పడకుండా ఆ చివర నుంచి ఈ చివరకు లాగండి. చివరి రెండు కాళ్లు కలిసిపోతే మళ్లీ ఫ్లక్స్ వేసి, శుభ్రం చేసిన టిప్‌తో బయటికి లాగితే విడిపోతాయి. అయినా మిగిలితే విక్ (సోల్డర్‌ను పీల్చే రాగి అల్లిక) ఉంది.

సూది టిప్ అసలు వద్దు. దాని మొనకు వేడి సరిగా అందదు. గ్రౌండ్ ప్లేన్‌కు (బోర్డులోని పెద్ద రాగి పొరకు) కలిసిన ప్యాడ్ మీద పెట్టగానే చల్లారిపోతుంది. కరగడం లేదని 400 డిగ్రీలు దాటిస్తారు, దాంతో ప్యాడ్ లేచిపోతుంది, టిప్ నల్లబడుతుంది. 2 మిల్లీమీటర్ల ఉలి టిప్ గానీ, ఏటవాలుగా కోసిన టిప్ గానీ తీసుకోండి. 63/37 సోల్డర్ (తగరం 63, సీసం 37 శాతం) 183 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి 320 నుంచి 350 మధ్య సెట్టింగ్ చాలు. వైరు 0.5 మిల్లీమీటర్లది మేలు.

డబ్బు మిగిలితే హాట్ ఎయిర్ కన్నా ముందు స్టీరియో మైక్రోస్కోప్ చూడండి. లెన్స్ కింద ఐరన్ పట్టేంత ఖాళీ ఉండాలి, అది చూసుకోకుండా కొనకండి. డ్రై సోల్డర్ (సరిగా అతకని జాయింట్) మామూలు కంటికి మంచి జాయింట్‌లాగే కనిపిస్తుంది. ట్వీజర్ అయస్కాంతానికి అంటనిది కావాలి, లేకపోతే చిన్న కెపాసిటర్లు దాన్ని వదలవు. పొగను పక్కకు లాగే ఫ్యాన్ కూడా పెట్టుకోండి. అది ఫ్లక్స్ పొగ, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

జవాబు 1 రాసినవారు మళ్లీ
టీక్యూఎఫ్‌పీ వరకు సరే. క్యూఎఫ్‌ఎన్ ఐసీ వస్తే? కాళ్లు ఉండవు, పొట్ట కింద పెద్ద ప్యాడ్ ఉంటుంది. ఐరన్ అక్కడికెలా వెళ్తుంది?

జవాబు 2 రాసినవారు
నిజమే, అక్కడ మీ మాటే సరైనది. బోర్డు డిజైన్ మన చేతిలో ఉంటే ఆ ప్యాడ్ మధ్యలో పెద్ద ప్లేటెడ్ రంధ్రం (లోపలి గోడకు రాగి పూసినది) పెట్టి కింది వైపు నుంచి సోల్డర్ నింపొచ్చు, ప్రోటోటైప్‌కు అది చాలు. పార్టులన్నీ ఒకే వైపు ఉంటే హాట్ ప్లేట్ కూడా పనికొస్తుంది. హాట్ ఎయిర్‌లా అది చిన్న పార్టుల్ని ఎగరగొట్టదు, ప్లాస్టిక్ కనెక్టర్లను ఆ తర్వాత ఐరన్‌తో పెట్టుకోవచ్చు.

కాకపోతే 138 డిగ్రీలకు కరిగే బిస్మత్ సోల్డర్ పేస్ట్ వాడితే, అదే జాయింట్ మీద లెడ్ ఉన్న సోల్డర్ కలపకండి. రెండూ కలిస్తే 96 డిగ్రీల దగ్గరే కరిగే మిశ్రమం తయారవుతుంది. బోర్డు మీద వేడెక్కే రెగ్యులేటర్ ఉంటే దాని కిందే జాయింట్ వదిలేస్తుంది.