పలుచని రేకు పనికి మిగ్ మిషనులో సిలికాన్ బ్రాంజ్ తీగ వాడవచ్చునా?

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్కారం. అనంతపురంలో మాకు టింకరింగ్ షెడ్డు ఉంది. పాత వ్యాన్ల తలుపుల అడుగు భాగం, మడ్‌గార్డు అంచులు తుప్పు తిన్నప్పుడు ఆ మేరకు కోసి, 0.8 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత వేసిన స్టీలు) రేకు ముక్క అతికిస్తాము. ఇప్పటివరకు మిగ్ మిషనులో (కరెంటుతో తీగను కరిగించి అతికించే వెల్డింగు మిషను) మామూలు స్టీలు తీగతో, కార్బన్ డయాక్సైడ్ సిలిండరుతోనే పని నడుస్తోంది. రేకుకు చిల్లులు పడటం, వేడికి అలలు అలలుగా లేవడం, దానిని పుట్టీతో కప్పవలసి రావడం తప్పడం లేదు. పైగా అతుకు చుట్టూ జింకు పూత కాలిపోయి, కొద్ది కాలానికే మళ్లీ తుప్పు లేస్తోంది. సిలికాన్ బ్రాంజ్ తీగతో ఈ బాధ తగ్గుతుందని విన్నాను. అదే మిషనులో, అదే సిలిండరుతో తీగ చుట్ట మాత్రం మార్చి వాడుకోవచ్చునా? అతుకు బలంగా ఉంటుందా?

జవాబు (కర్నూలు నుంచి)

తీగ ఒక్కటే మారిస్తే సరిపోదండి. ఈ తీగలో సుమారు 3 శాతం సిలికాన్, 1 శాతం వరకు మాంగనీసు పోగా మిగిలినదంతా రాగి. ఇది దాదాపు 910 నుంచి 1025 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. స్టీలు రేకు కరగాలంటే 1500 డిగ్రీల దాకా పోవాలి. అందువల్ల రేకు కరగకుండానే తీగ కరిగి, దాని మీద పరచుకుని పట్టుకుంటుంది. మిగ్ మిషనుతో చేసినా ఇది బ్రేజింగే, పాత మేస్త్రీలు గ్యాసు మంటతో ఇత్తడి కడ్డీ కరిగించి అతికించిన పనికి దగ్గరి చుట్టం. చిల్లులు పడకపోవడానికీ, రేకు తక్కువగా వంకరపోవడానికీ కారణం ఇదే. జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది కనుక అతుకు కిందిది ఎలాగూ పోతుంది, కానీ పక్కలకు కాలిపోయే మేర బాగా తగ్గుతుంది.

కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడే గ్యాసుగా కార్బన్ డయాక్సైడ్ దీనికి పనికిరాదు, శుద్ధమైన ఆర్గాన్ పెట్టండి. సిలిండరుతో పాటు రెగ్యులేటరు కూడా వేరుగా కావాలి. తీగ మెత్తనిది కాబట్టి టార్చి (తీగ బయటికి వచ్చే చేతి పిడి) కేబులు లోపల తీగ నడిచే స్టీలు గొట్టంలో, అంటే లైనరులో, గీసుకుపోయి, పొడి రాలి, మధ్యలో ఆగిపోతుంది. టెఫ్లాన్ లైనరు, తీగను ముందుకు తోసే యు ఆకారపు గాడి ఉన్న రోలర్లు వేసి, రోలరు బిగింపు తగ్గించి, టార్చి కేబులు వీలైనంత పొట్టిగా ఉంచుకోవాలి. గ్యాసు అక్కరలేని ఫ్లక్స్ తీగ వాడిన మిషను అయితే టార్చి నెగటివ్‌కు కలిపి ఉండవచ్చు. దీనికి పాజిటివ్‌కు మార్చాలి.

జవాబు (కడప నుంచి)

బలం గురించి అడిగారు. తీగ లోహం బలం మామూలు బాడీ రేకుతో పోల్చదగినదే, కానీ అతుకు బలం పట్టు దొరికిన వైశాల్యం మీద ఆధారపడి ఉంటుంది. అంచుకు అంచు ఆనించి అతికించకండి. ఒక రేకు అంచును మడత దించి, రెండవది దాని మీద పది పన్నెండు మిల్లీమీటర్లు ఎక్కేటట్లు పెట్టండి. రంగు, ప్రైమరు, పుట్టీ, నూనె పూర్తిగా పోవాలి. టార్చిని ముందుకు తోస్తూ, ఆర్కును (తీగ కొస నుంచి లేచే విద్యుత్ మంటను) రేకు మీద కాక కరిగిన లోహం ముందు అంచున ఉంచి, ఆగకుండా నడపండి. వేడి మరీ ఎక్కువైతే రాగి స్టీలు కణాల సందుల్లోకి దిగి, పైకి కనిపించని పగుళ్లు తెస్తుంది. ఛాసిస్, సస్పెన్షన్ బిగించే చోట్ల దీనిని సొంత నిర్ణయంతో వాడవద్దు. కొత్త కార్లలోని గట్టి స్టీలు భాగాలకు కొన్ని కంపెనీలు మిగ్ బ్రేజింగే చేయమంటాయి, అయితే ఏ అతుకుకు ఏ పద్ధతో ఆ కారు రిపేరు పుస్తకం చూసే తేల్చుకోవాలి.

జవాబు (ప్రొద్దుటూరు నుంచి)

పై ఇద్దరూ చెప్పినది సరైనదే, కాని ఖర్చు మాట ఎవరూ ఎత్తలేదు. ఈ తీగ స్టీలు తీగ కంటే ఎన్నో రెట్లు ఖరీదు, ఆర్గాన్ ఖర్చు అదనం. 0.6 మిల్లీమీటర్ల స్టీలు తీగ వేసి, ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసుతో చుక్కలు చుక్కలుగా, చోటు మారుస్తూ, చల్లారనిస్తూ అతికిస్తే వ్యాను ఫ్లోరు రేకు చక్కగా నిలుస్తుంది. నా అభిప్రాయంలో కంటికి కనిపించే పలుచని బయటి రేకులకు మాత్రమే బ్రాంజ్ తీగ పెట్టుబడి గిట్టుబాటవుతుంది.

అడిగినవారు

వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. తలుపులకు మాత్రమే మొదలుపెడతాను. మా షెడ్డుకు మూడు వైపులే గోడ. ఆషాఢమాసపు గాలిలో ఆర్గాన్ నిలుస్తుందా?

జవాబు (కర్నూలు నుంచి)

గాలి తగిలితే అతుకు నల్లబడి, బుడగలు పడుతుంది కనుక పని చేసే చోట తడిక అడ్డు పెట్టండి. అలాగని తలుపులన్నీ మూసి చేయకండి. జింకు పొగ ఎక్కువ పీల్చితే కొన్ని గంటలకు చలిజ్వరం వస్తుంది, రాగి పొగ కూడా మంచిది కాదు. పొగ మీ ముఖం వైపు రాకుండా నిలబడి, పొగకు తగిన మాస్కు పెట్టుకోండి.

మరొక మాట. ఒకసారి బ్రాంజ్ పడిన చోట తర్వాత స్టీలు తీగ వేయరాదు, రాగి కలిసి అతుకు పగులుతుంది. తిరిగి చేయవలసి వస్తే ఆ మేరకు రేకు కోసి తీసివేయాలి, లేదా మళ్లీ బ్రాంజ్‌తోనే చేయాలి. అందుకని ఎక్కడెక్కడ వాడారో బండి కార్డులో రాసి ఉంచండి.