అకూస్టిక్ న్యూరోమా శస్త్రచికిత్స: చెవి వెనక నుంచా, లోపలి చెవి గుండానా?

ప్రశ్న:
మా అమ్మగారికి 58 ఏళ్లు. కుడి చెవి వినికిడి తగ్గుతుండటంతో ఎం.ఆర్.ఐ. తీయించగా 2.6 సెంటీమీటర్ల అకూస్టిక్ న్యూరోమా (వినికిడి, సమతుల్యతల నరంపై పెరిగే, క్యాన్సర్ కాని కణితి) ఉన్నట్లు తేలింది. ఒక సర్జన్ చెవి వెనక ఎముకను తెరిచే రెట్రోసిగ్మాయిడ్ పద్ధతిని సూచించగా, మరొకరు లోపలి చెవి గుండా వెళ్లే ట్రాన్స్‌ల్యాబిరింథైన్ మేలన్నారు. తేడా ఏమిటో దయచేసి వివరించగలరు.

జవాబు 1:
ఆ చెవిలో పనికివచ్చే వినికిడి ఎంత మిగిలి ఉందన్నదే ఇక్కడ కీలకం. ట్రాన్స్‌ల్యాబిరింథైన్‌లో లోపలి చెవిని తొలిచి వెళ్తారు కాబట్టి ఆ వైపు వినికిడి పూర్తిగా పోతుంది. అయితే చిన్నమెదడును పెద్దగా పక్కకు జరపనవసరం ఉండదు, ముఖ నరాన్ని (ముఖ కండరాలను కదిలించే నరం) ముందుగానే గుర్తించవచ్చు. రెట్రోసిగ్మాయిడ్‌లో వినికిడి నిలిచే వీలున్నా, కణితి 2 సెంటీమీటర్లు దాటాక ఆ అవకాశం బాగా తగ్గుతుంది, పైగా కొందరిని తలనొప్పి చాలాకాలం వేధిస్తుంది. ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్షలో) మాటలను గుర్తించిన శాతం ఎంతో రాయండి.

జవాబు 2:
నాకు నాలుగేళ్ల క్రితం ట్రాన్స్‌ల్యాబిరింథైన్ చేశారు. అప్పటికే ఆ చెవికి ఫోను పెట్టుకోవడం మానేశాను కనుక వినికిడి పోయినందుకు అంతగా బాధపడలేదు. నెలల తరబడి నడకలో తూలడమే కష్టమైంది, వ్యాయామాలతో కుదుటపడింది. ముఖ నరం ఎందరిలో నిలిచిందో ఇద్దరు సర్జన్లనూ తప్పక అడగండి.

జవాబు 3:
కణితి 3 సెంటీమీటర్ల లోపే ఉంది కాబట్టి, మెదడు కాండంపై ఒత్తిడి లేకపోతే గామా నైఫ్ (కోత లేకుండా కణితిపై రేడియేషన్‌ను కేంద్రీకరించే చికిత్స) గురించి కూడా అడిగి చూడండి.