స్ప్లిట్ దిగాలంటే పైనుంచి ఒత్తాల్సిందేనా?

సుధ_అమ్మ:
అందరికీ నమస్తే. మా బాబుకి 13 ఏళ్లు, తైక్వాండో నేర్చుకుంటున్నాడు. క్లాసులో బటర్‌ఫ్లైలో, అంటే అరికాళ్లు కలిపి మోకాళ్లు పక్కలకి తెరిచి కూర్చోబెట్టి సీనియర్ పిల్లలు చెరో తొడ మీద నిలబడతారు, తర్వాత సైడ్ స్ప్లిట్‌లో, అంటే కాళ్లు రెండూ పక్కలకి బార్లా చాపినప్పుడు, సార్ వెనక నుంచి నడుం మీద బరువేసి కిందికి ఒత్తుతారు. వాడు ఏడవడు, పళ్లు బిగబట్టి ఊరుకుంటాడు, మర్నాడు మాత్రం రెయిలింగ్ పట్టుకుంటే గానీ మెట్లు దిగలేడు. సార్‌ని అడిగితే "ఈ వయసులో సాగకపోతే ఇక సాగదమ్మా, మేమంతా ఇలాగే నేర్చుకున్నాం" అన్నారు. ఆయన పిల్లల్ని చాలా ప్రేమగా చూసుకునే మనిషి, అందుకే గట్టిగా ఏమీ అనలేకపోతున్నా. నిజంగా ఒత్తితేనే వస్తుందా అండి?

పాతబెల్టు:
అమ్మా, నేను కరాటే నేర్పిస్తుంటాను, కాబట్టి ఆ సార్ వైపు మాట కూడా ఒకటి వినండి. పిల్లల్ని వాళ్లంతట వాళ్లు స్ట్రెచ్ చేసుకోమంటే కాస్త లాగగానే ఆపేసి పక్కవాడితో కబుర్లు మొదలెడతారు, ఏడాది గడిచినా కాలు నడుం దాటి లేవదు. మీ బాబు ఆడే తైక్వాండోలో ఒంటికి కిక్ తగిలితే 2 పాయింట్లు, తలకి తగిలితే 3, గిర్రున ఒళ్లు తిప్పి కొట్టిన కిక్ తలకి తగిలితే ఇంకా ఎక్కువ, మరి కాలే లేవకపోతే మ్యాచ్‌లో ఏం చేస్తాడు? అనుభవం ఉన్న చెయ్యి వీపు మీద ఉంటే పిల్లాడికి భయం పోతుంది, ఊపిరి వదిలినప్పుడల్లా కొంచెం కొంచెంగా దిగుతాడు. తొడల మీద మనుషులు నిలబడటం మాత్రం నేనూ ఒప్పుకోను. చేత్తో ఒత్తడం వేరు, అది వేరు, రెండిటినీ ఒకే గాటన కట్టేయకండి.

ఫిజియో_మాట:
పాతబెల్టు గారూ, 13 ఏళ్ల పిల్లాడి విషయంలో చేత్తో అయినా సరే బరువు వేయడాన్ని నేను ఒప్పుకోలేను, కారణం చెప్తాను. కుర్చీలో కూర్చుంటే పిరుదుల కింద గట్టిగా తగిలే ఎముక ఉంటుంది కదా, తొడ వెనక కండరాలు పైన పట్టుకుని వేలాడేది దానికే. ఆ వయసులో అక్కడి ఎముక ఇంకా ఒకటిగా అతుక్కుని ఉండదు, మధ్యలో మెత్తటి ఎదుగుదల పొర ఉంటుంది, అది పూర్తిగా గట్టిపడేసరికి టీనేజ్ దాదాపు అయిపోతుంది, కొందరికి 20 దాటుతుంది. పెద్దవాళ్లని ఎక్కువ లాగితే చాలావరకు కండరమో, దాన్ని ఎముకకి కట్టే టెండనో చిరుగుతుంది, పిల్లల్లో కండరం బాగానే ఉండి ఎముక ముక్కే ఊడి వచ్చేయొచ్చు. స్ప్లిట్‌లో, హై కిక్‌లో, స్ప్రింట్‌లో ఇలా జరగడం స్పోర్ట్స్ డాక్టర్లకి బాగా తెలిసిన గాయం. పైగా ఎత్తు గబగబా పెరిగే రోజుల్లో ఎముక ముందు పెరిగి కండరం వెనకబడుతుంది, అందుకే మొన్నటిదాకా చక్కగా వంగిన పిల్లాడు ఉన్నట్టుండి బిగుసుకుపోతాడు. అది బద్ధకం కాదు, మొండితనం అంతకన్నా కాదు.

ఇంకోటి, స్ట్రెచ్ మొదలెట్టిన మొదటి వారాల్లో కాలు ఎక్కువ తెరుచుకునేది కండరం పొడుగైపోయి కాదు, ఆ లాగుడుని భరించే హద్దు పెరిగి. బిగుసుకున్న కాలే మత్తు ఇచ్చాక ఇంకా ఎక్కువ దూరం వస్తుంది, అంటే అడ్డుకుంటున్నదాంట్లో కొంత నరాల కాపలా అన్నమాట. పళ్లు బిగబట్టుకున్న పిల్లాడి ఒంట్లో ఆ కాపలా సడలదు, ఇంకా బిగుస్తుంది. సుధ గారూ, నొప్పి సరిగ్గా ఎక్కడో అడిగి చెప్పండి, తొడ లోపల మధ్యలోనా, గజ్జలో ముందువైపా, కూర్చునే ఎముక దగ్గరా? ఈలోపు ఒత్తించడం మాత్రం ఆపించండి.

హైకిక్:
ఇంతసేపూ స్ప్లిట్ గురించే మాట్లాడుతున్నారు, కిక్ సంగతి ఎవరూ ఎత్తట్లేదు. మా క్లాసులో నేలకి ఆనేదాకా స్ప్లిట్ దిగే అమ్మాయి ఉంది, నెమ్మదిగా సైడ్ కిక్ పెట్టి అక్కడే ఆపమంటే నడుం ఎత్తులో కూడా కాలు నిలవదు, వణికి కిందికి వచ్చేస్తుంది. మీరే చూసుకోండి, గోడ పట్టుకుని నిలబడి, మోకాలు మడిచి ఛాంబర్‌లోకి, అంటే కిక్ కొట్టే ముందు ఉండే స్థితికి తెచ్చి, మడమ చేత్తో పట్టుకుని పక్కకి ఎంత వస్తే అంత లేపండి, తర్వాత నడుం వంచకుండా చెయ్యి వదిలేయండి. వదలగానే కాలు ఎంత కిందికి జారిందో అంత మేర మీ దగ్గర సాగుడు ఉంది కానీ బలం లేదు. పైనుంచి ఎంత ఒత్తినా ఆ తేడా తగ్గదు, ఎందుకంటే ఒత్తినప్పుడు కాలిని కదిలిస్తున్నది వేరేవాళ్ల బరువు.

మాకు బాగా పనిచేసింది ఒకటి చెప్తా, నేల మీద కాళ్లు వెడల్పుగా చాపి కూర్చుని, చేతులు మోకాలి పక్కన నేలకి ఆన్చి, మోకాలు వంచకుండా ఒక్కో కాలిని బెత్తెడు పైకి లేపి దింపాలి. చేతులు ఎంత ముందుకి పెడితే అంత కష్టం. చూడ్డానికి ఏమీ లేదనిపిస్తుంది గానీ కాసేపటికే తొడ పైభాగం పట్టేస్తుంది. దానికి తోడు కొసాక్ స్క్వాట్, అంటే ఒక కాలు పక్కకి చాపి రెండో కాలి మీద పూర్తిగా కూర్చుని లేవడం. గజ్జ కండరం సాగిన స్థితిలో బరువు మోయడం నేర్చుకుంటుంది, కిక్‌లో దానికి కావలసింది అదే.

గార్డ్‌పాస్:
మాది జూజిట్సు, నేల మీద పట్లు పట్టే ఆట, అక్కడ స్ప్లిట్ ఎవరూ అడగరు బ్రో, మాకు తుంటి లోపలికీ బయటికీ తిరగడమే ముఖ్యం. ఏ ఆటకి ఏది కావాలో చూసుకోకుండా అందరికీ స్ప్లిట్ పెట్టడం ఏంటో నాకు అర్థం కాదు.

పాతబెల్టు:
హైకిక్ తమ్ముడూ, బలం కావాలి, కాదనను, కానీ తలుపే తెరుచుకోకపోతే లోపల బలం పెట్టి ఏం లాభం? ముందు దారి రావాలి, తర్వాత దాంట్లో బలం. ఇంకో విషయం, ఈమధ్య కొందరు క్లాసు మొదట్లో స్ట్రెచింగే వద్దంటున్నారు, మేమంతా స్ట్రెచ్ చేయకుండా ఎవరినీ మ్యాట్ ఎక్కనిచ్చేవాళ్లం కాదు, గాయాలు రాకూడదనే కదా.

లత_డోబోక్:
పాతబెల్టు గారూ, ఆ గాయాల మాటకి ఒక పరిశోధన ఉంది. 2000లో వచ్చింది, ఆస్ట్రేలియా ఆర్మీలో కొత్తగా చేరిన 1,538 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపు చేత వార్మప్‌లో కాళ్ల స్ట్రెచ్‌లు చేయించారు, రెండోదాని చేత చేయించలేదు, ట్రైనింగ్ అయ్యేసరికి గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తర్వాత 2016లో డేవిడ్ బెమ్, ఆయన తోటివాళ్లు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఒక్కో కండరాన్ని 60 సెకన్లు, అంతకన్నా ఎక్కువసేపు లాగిపెట్టి వెంటనే ఆడితే బలం, వేగం సగటున 4-5 శాతం తగ్గాయి, 60 లోపు ఆపేస్తే 1 శాతం దగ్గరే. అంటే కాసేపు స్ట్రెచ్ చేస్తే కొంప మునిగిపోదు, కానీ చల్లగా ఉన్న ఒంటితో స్ప్లిట్‌లో నిమిషాలు కూర్చుని లేచి స్పారింగ్‌కి, అంటే జోడీతో పోరు సాధనకి దిగడం దండగ. ముందు జాగింగ్, లెగ్ స్వింగ్స్, చిన్నగా మొదలెట్టి ఎత్తు పెంచే కిక్స్, లాగిపెట్టే స్ట్రెచ్‌లు క్లాసు చివర్లో. వారం మొత్తం మీద ఒక్కో కండరానికి కనీసం 5 నిమిషాలు పడితే చాలు, అది కూడా రోజులకి పంచుకుంటే ఇంకా మంచిది.

పాతబెల్టు:
చివర్లో పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదమ్మా. కానీ ఎంత చేసినా కొందరికి దిగదే, వాళ్లకేం చెప్తారు?

ఫిజియో_మాట:
దానికి టెస్టుంది. నడుం ఎత్తు టేబుల్ పక్కన నిలబడి ఒక కాలు చాపి దాని మీద పెట్టండి, నిలబడ్డ కాలు నిటారుగా ఉండాలి, తుంటి పక్కకి ఎగరకూడదు. ఇటు కాలూ అటు కాలూ విడివిడిగా అలా వస్తే మీ ఎముకలు సైడ్ స్ప్లిట్‌కి అడ్డం కావు, రెండూ ఒకేసారి తెరిచినప్పుడు ఆపుతున్నది గజ్జ కండరాలే, వాటితో పని చేయొచ్చు. అలా రాక గజ్జలో ముందువైపు గట్టిగా నొక్కుకుపోయినట్టు ఉంటే ఎముకకి ఎముక తగులుతోందేమో చూసుకోవాలి. నడుం ముందుకి వంచి, మోకాళ్లు, వేళ్లు పైకి తిప్పితే చాలామందికి ఆ అడ్డు తొలగుతుంది. అయినా తొలగకపోతే తుంటి గిన్నె లోతు, తొడ ఎముక మెడ కోణం అందరికీ ఒక్కలా ఉండవు, అక్కడ ఒత్తితే సాగేది ఏమీ ఉండదు, నలిగేది గిన్నె చుట్టూ ఉండే మెత్తటి అంచు. పైనుంచి ఒత్తే మనిషికి ఆగింది కండరమో ఎముకో చేతికి తెలియదు, నా అసలు అభ్యంతరం అదే.

పెద్దవాళ్లయితే వాళ్లంతట వాళ్లు చేసుకునే బిగించి-వదిలే పద్ధతి ఉంది, పీఎన్ఎఫ్ అంటారు, 1940ల్లో డాక్టర్ హెర్మన్ కాబట్ పక్షవాతం లాంటి ఇబ్బందులున్న రోగుల కోసం మొదలెట్టిన వైద్యం నుంచి వచ్చింది. స్ప్లిట్‌లో మడమలతో నేలని ఒక 5 సెకన్లు దగ్గరికి లాగుతున్నట్టు బిగించి, వదిలేసి, వచ్చిన మేర దిగాలి, పూర్తి బలం పెట్టాల్సిన పనిలేదు. ఎదిగే పిల్లలకి ఇది కూడా గట్టిగా చేయించకూడదు.

సుధ_అమ్మ:
బాబుని అడిగాను. తొడ లోపల మధ్యలో అంతా ఉందిట, కుడివైపు మాత్రం కూర్చునే ఎముక దగ్గర వేలు పెడితే ఉలిక్కిపడ్డాడు.

ఫిజియో_మాట:
సుధ గారూ, కుడివైపుది వదిలేయకండి. ఎముకల డాక్టర్‌కి చూపించి వయసు, స్ప్లిట్‌లో ఒత్తిన సంగతి రెండూ చెప్పండి, ఎక్స్‌రే అవసరమో ఆయన చూస్తారు. అప్పటిదాకా స్ప్లిట్, హై కిక్, పరుగు ఏవీ వద్దు, పంచ్‌లు నేర్చుకోమనండి. "ఇంకాస్త సాగదీస్తే పోతుంది" అని ఎవరన్నా చెప్తే అస్సలు వినకండి.

పాతబెల్టు:
అమ్మా, ముందు డాక్టర్‌కి చూపించండి, ఇందులో రెండో మాట లేదు. సార్‌తో ఫోన్‌లో కాదు, క్లాసు అయ్యాక పక్కకి పిలిచి "డాక్టర్ గారు ఒత్తొద్దన్నారు సార్, మిగతా ఏం చేయించమన్నా చేయిస్తాను" అనండి. పిల్లలందరి ముందు అడిగితే ఏ మాస్టర్‌కైనా మనసు నొచ్చుకుంటుంది, విడిగా చెప్తే వింటారు. పెద్ద విద్యార్థుల విషయంలో నా పద్ధతి నాదే, చెయ్యి వేస్తాను, వాళ్లు చాలనగానే తీసేస్తాను.

హైకిక్:
సుధ ఆంటీ, డాక్టర్ సరే అన్నాక కూడా బాబుని మొదట నడుం ఎత్తు కిక్స్‌తోనే మొదలెట్టమనండి, నెమ్మదిగా పెట్టి అక్కడే ఆపి దింపాలి. ఏ ఎత్తులో కాలు వణక్కుండా నిలిచిందో దానికి ఇంకాస్త పైన పెట్టుకోవాలి, తల ఎత్తు గురించి తొందరేం లేదు.