అమ్మ పేరిట ఇచ్చే డబ్బు మెషీన్‌కా, సర్జన్ శిక్షణకా?

శారద, ఎంవీపీ కాలనీ
మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ వస్తే రొమ్ము మొత్తం తీసేశారు, చంకలో గ్రంథులన్నీ తీసేశారు. జబ్బు మళ్లీ రాలేదు, తర్వాత గుండెపోటుతో పోయింది. కానీ ఆ ఎడమ చెయ్యి చివరిదాకా వాచే ఉండేది. గాజు ఎక్కేది కాదు. జాకెట్టుకి ఎడమ చెయ్యి వేరే కొలతతో కుట్టించేవాళ్లం. పెళ్లిళ్లకి వెళ్లినా పైట కప్పుకునే కూర్చునేది.

ఇప్పుడు అన్నయ్య, నేను, చెల్లి కలిసి అమ్మ పేరిట కొంత డబ్బు ఇద్దామనుకుంటున్నాం. అమెరికాలో ఉన్న అన్నయ్య మెషీన్ కొనిద్దామంటున్నాడు. ఇక్కడి సర్జన్ ఎవరైనా ఈ ఆపరేషన్లలో ప్రత్యేక శిక్షణ తీసుకోవడానికి ఇస్తే మంచిదని నాకనిపిస్తోంది. అలా ఇవ్వొచ్చా? ఇచ్చినది వృథా కాకుండా ఏం చూసుకోవాలి?

స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్
చూడమ్మా, మెషీన్ అయితే ఇక్కడే ఉంటుంది. డాక్టర్‌ని చదివిస్తే రెండో ఏడాదే హైదరాబాద్ కార్పొరేట్‌కి వెళ్లిపోతాడు. రొమ్ము క్యాన్సర్‌ని ముందే పట్టే మామోగ్రఫీ మెషీన్ కొనివ్వండి.

ఒక సర్జన్, శ్రీకాకుళం
శారద గారూ, దాతల ట్రస్టు ఒకటి స్టైపెండ్ ఇస్తే ఈ శిక్షణ తీసుకున్నవాణ్ణి నేను. అందుకే వివరంగా రాస్తున్నా.

జనరల్ సర్జరీలో హెర్నియా, అపెండిక్స్, థైరాయిడ్ అన్నీ చేస్తాం. రొమ్ము క్యాన్సర్‌కి మాకు బాగా అలవాటయ్యేది మొత్తం తీసేయడమే. చిన్న గడ్డ అయితే గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షులో తేడా ఉండదని ఇటలీలో, అమెరికాలో ఇరవయ్యేళ్లు రోగులను గమనించి 2002లోనే తేల్చారు. గడ్డ తీశాక మిగిలిన కణజాలాన్ని సర్ది రొమ్ము ఆకారం నిలబెట్టడం మాత్రం చేయి తిరిగినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

మీ అమ్మగారి చెయ్యి సంగతీ అంతే. సెంటినెల్ నోడ్ బయాప్సీలో చనుమొన దగ్గర నీలం రంగు మందు ఎక్కించి, కాసేపు మర్దన చేసి, చంకలో చిన్న కోత పెడతాం. కొవ్వులో సన్నటి నీలం గీత కనిపిస్తుంది. దాన్ని తెంపకుండా వెంబడిస్తే, క్యాన్సర్ పాకితే ముందుగా చేరే మొదటి గ్రంథి దొరుకుతుంది. అందులో క్యాన్సర్ లేకపోతే మిగతావి ముట్టుకోనక్కర్లేదు, చెయ్యి వాచే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఆ నీలం మందు, మిథిలీన్ బ్లూ, చవకే. ఆ గీతను పట్టుకోవడం నేర్చుకోవడానికే టైం పడుతుంది. నాకు మొదట్లో ప్రతి కేసూ టెన్షనే.

పెద్దాయన చెప్పిన భయం నిజమే. అందుకని డబ్బు వ్యక్తికి కాక ఆసుపత్రి విభాగానికి ఇవ్వండి. తిరిగొచ్చాక కొన్నేళ్లు అక్కడే పనిచేయాలని రాయించుకోండి. సెలవులో జీతం ఆగిపోతే ఇంటద్దెకీ పిల్లల ఫీజులకీ సరిపడేలా స్టైపెండ్ ఉండాలి, లేకపోతే ఎవరూ ముందుకు రారు. గ్రంథిని అక్కడికక్కడే పరీక్షించే పాథాలజిస్టు ఉన్నారో లేదో కూడా అడగండి. ఇంకొకటి, పాడేరు నుంచి వచ్చే మనిషి రేడియేషన్ కోసం మూడు వారాలకు పైగా వైజాగ్‌లో ఎక్కడ ఉంటుంది? బస లేకే చాలామంది ‘మొత్తం తీసేయండి బాబూ’ అంటారు. కొంత డబ్బు దానికి పక్కన పెట్టండి.

ఆడిటర్, ద్వారకానగర్
అన్నయ్య గారు అమెరికా సిటిజన్ అయితే ఆయనిచ్చేది విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టుకే ఇవ్వాలి. ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉండి సొంత సంపాదన పంపితే ఆ చిక్కు లేదు. మీరు, మీ చెల్లెలు చెక్కు రూపంలోనే ఇవ్వండి, రెండు వేలు దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదు.

శారద, ఎంవీపీ కాలనీ
అన్నయ్యది అమెరికా పౌరసత్వమే, ముందు అది చూసుకోవాలి. డాక్టర్ గారూ, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రిలో అడగనా? ఆపరేషన్ తర్వాత చెయ్యికి వ్యాయామం నేర్పే నర్సుకి కూడా ఇదే డబ్బులో శిక్షణ ఇప్పించొచ్చా? అమ్మకి అదెవరూ చెప్పలేదు.

ఒక సర్జన్, శ్రీకాకుళం
తప్పకుండా అడగండి. నర్సుని మాత్రం వదలొద్దు. వీలైతే సర్జన్‌తోపాటే పంపించండి, ఇద్దరూ కలిసి నేర్చుకుంటే వచ్చిన వారం నుంచే పని మొదలవుతుంది.