సేలం అమ్మాయిలు అబద్ధం చెప్పారా? మా ఎనిమిదో తరగతి పాపకి ఏమని చెప్పాలి?

మర్రిపాలెం అమ్మ (ప్రశ్న):

నమస్తే. మాది వైజాగ్, మర్రిపాలెం. మా పాప ఎనిమిదో తరగతి. స్కూల్లో చరిత్ర మీద చార్ట్ చేసి మాట్లాడమంటే, 1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలని చెప్పి మనుషుల్ని ఉరితీసిన సంగతి తీసుకుంది. అన్ని విషయాలుండగా అదే ఎందుకు తీసుకుందో నాకు తెలుసు. అది చెప్పకపోతే నా ప్రశ్న మీకు అర్థం కాదు.

మొన్న జూలైలో, ఉక్కపోత విపరీతంగా ఉన్న ఒక రోజు, ప్రేయర్లో తొమ్మిదో తరగతి పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. ఆ పిల్లని మోసుకెళ్తుంటే చూసి ఇంకో ఇద్దరు పడ్డారు. మధ్యాహ్నానికి పదమూడు మంది. ఊపిరాడట్లేదని ఏడుపులు, చేతివేళ్లు కొంకర్లు పోవడం. అంబులెన్సులు వచ్చాయి. నీళ్లూ అన్నమూ పరీక్షకి తీసుకెళ్లారు, ఏమీ దొరకలేదు. సాయంత్రానికి పిల్లలంతా మామూలుగా ఇళ్లకి వచ్చేశారు.

ఆ రాత్రి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో మొదలైంది. స్కూలు గేటు పక్కన ఒక ముసలావిడ గోనె పరుచుకుని నేరేడుపళ్లు అమ్మేది. కాగితం పొట్లంలో పోసి, పైన ఉప్పూకారం జల్లి ఇచ్చేది. మొదట పడిపోయిన పిల్లకీ ఆవిడకీ ముందురోజు చిల్లర దగ్గర మాటామాటా వచ్చిందట. ఎనిమిది గంటలకి అది గొడవ. తొమ్మిదిన్నరకి ఆవిడ శాపనార్థాలు పెట్టింది. పదకొండు దాటేసరికి "ఆవిడకి చిల్లంగి తెలుసు, ఏజెన్సీ నుంచి వచ్చిన మనిషి". ఆ చివరి మెసేజ్‌ని నేను మా అపార్ట్‌మెంట్ గ్రూపుకి పంపాను. "పిల్లలు జాగ్రత్త" అని పైన రాసి మరీ పంపాను.

మర్నాడు క్లాసులో ఒక టీచరు "ఆవిడ మీలో ఎవరి వంక అదోలా చూసింది, చేతులెత్తండి" అన్నారట. సగం క్లాసు ఎత్తింది. మా పాపా ఎత్తింది. ఆ మధ్యాహ్నం తనూ పడిపోయింది. మూడోరోజు నుంచి గేటు దగ్గర ఆవిడ గోనె లేదు.

ఇప్పుడు సేలం గురించి చదివి నన్ను అడుగుతోంది: "అమ్మా, ఆ అమ్మాయిలు అబద్ధం చెప్పారా? మరి నేను? నాకు నిజంగానే కాళ్లు తిమ్మిరెక్కాయి కదా?" రెండు రాత్రులుగా సరిగ్గా నిద్రపోవడం లేదు. పదమూడేళ్ల పిల్లకి ఇది ఎలా చెప్పాలి?

కంచరపాలెం మాష్టారు:

అమ్మా, ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. పాపకి ముందు ఈ మాట చెప్పండి: సేలంలో ఆ పిల్లలు ఎవర్నీ ఉరితీయలేదు. వాళ్లకి వారంటు రాసే అధికారం లేదు, జైలు తాళం వాళ్ల చేతిలో లేదు. అదంతా చేసింది పెద్దవాళ్లు.

జరిగింది ఇదీ. 1692 జనవరి, గడ్డకట్టే చలి. మసాచుసెట్స్ అప్పుడు ఇంగ్లండు వలస రాజ్యం. సేలం గ్రామంలో శామ్యూల్ పారిస్ అనే పాస్టరు ఇంట్లో, ఆయన కూతురు బెట్టీకి తొమ్మిదేళ్లు, బంధువుల పిల్ల అబిగేల్‌కి పదకొండేళ్లు. ఇద్దరూ ఉన్నట్టుండి అరవడం, ఒళ్లు మెలికలు తిప్పుకోవడం మొదలుపెట్టారు. వైద్యుడు చూశాడు, రోగమేదీ దొరకలేదు, ఇది దుష్టశక్తి పని అన్నాడు. పొరుగావిడ సలహా మీద రై అనే ధాన్యం పిండిలో ఆ పిల్లల మూత్రం కలిపి రొట్టె కాల్చి కుక్కకి పెట్టారు. మన ఇళ్లలో దిష్టి తీసి ఉప్పూ మిరపకాయలూ నిప్పుల్లో వెయ్యమూ, అలాంటిదే అనుకోండి. అక్కడితో ఆగినా ఎవరికీ ప్రాణం పోయేది కాదు.

ఆగలేదు. పెద్దలు చుట్టూ చేరి "మిమ్మల్ని ఎవరు బాధపెడుతున్నారు" అని అడగసాగారు. ఏమైంది అని కాదు, ఎవరు అని. అలా అడిగితే పిల్లలు ఏదో ఒక పేరు చెప్పాల్సిందే. ముగ్గురి పేర్లు వచ్చాయి. టిట్యుబా, ఆ పాస్టరు ఇంట్లోనే బానిస. సారా గుడ్, చిన్నపిల్లని వెంటబెట్టుకుని ఇంటింటికీ అడుక్కునే మనిషి. సారా ఆస్‌బర్న్, జబ్బుతో చర్చికి వెళ్లడం మానేసినావిడ. మీ గేటు దగ్గరి ముసలావిడలాగే, ముగ్గురి తరఫునా మాట్లాడే దిక్కు లేదు.

మార్చి 1న విచారణలో హేథార్న్ అనే న్యాయాధికారి సారా గుడ్‌ని "ఈ పిల్లల్ని ఎందుకు హింసిస్తున్నావు" అని అడిగాడు. "హింసించావా" అని కాదు, గమనించండి. మీ పాప క్లాసులో టీచరుగారు అడిగింది కూడా ఆ జాతి ప్రశ్నే. చూసిందా అని అడగలేదు, ఎవరి వంక చూసిందని అడిగారు. నలభై మంది పిల్లల మధ్య, అంత భయంలో, చెయ్యెత్తకుండా ఉండటం ఎంత కష్టమో క్లాసులో నిలబడి పాఠం చెప్పినవాడిగా నాకు తెలుసు.

టిట్యుబా ఒప్పుకుంది. దయ్యానికి లొంగినవాళ్లు సంతకంగా గుర్తు పెట్టే పుస్తకంలో తొమ్మిది గుర్తులు చూశానంది. అందులో ఇద్దరెవరో చెప్పింది, మిగతావి ఎవరివో తెలియవంది. ఇక ఆ మిగతావాళ్ల కోసం వేట. 150 మందికి పైగా ఇరుక్కున్నారు. సారా గుడ్ కూతురు డొరొతీకి నాలుగైదేళ్లు ఉంటాయి, ఆ పసిదాన్ని కూడా గొలుసులు వేసి ఎనిమిది నెలలకు పైగా జైల్లో ఉంచారు. తల్లిని జూలై 19న ఉరితీశారు. జైల్లో తల్లి ఒళ్లో ఉన్న చంటిబిడ్డ అంతకుముందే చనిపోయింది. 1710లో డొరొతీ తండ్రి పరిహారం కోసం అర్జీ పెట్టుకుంటూ, జైలు నుంచి వచ్చాక పిల్ల మనసు కుదుటపడనే లేదని రాశాడు. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఇక్కడ గొంతు పట్టేసేది.

సాక్ష్యం సంగతి పాపకి తప్పకుండా చెప్పండి. "ఆవిడ ఆకారం రాత్రి వచ్చి నన్ను గిల్లింది" అంటే కోర్టు తీసుకునేది. ఆ సమయానికి ఆవిడ ఇంట్లో పడుకుని ఉందని పదిమంది చెప్పినా లాభం లేదు, వచ్చింది ఆకారం కదా! ఒప్పుకున్నవాళ్లు బతికారు, నేను కాదన్నవాళ్లు ఉరికంబమెక్కారు. మొత్తం 19 మందిని ఉరితీశారు, ఎవర్నీ తగలబెట్టలేదు. జైల్స్ కోరీ అనే ముసలాయన కోర్టుకి జవాబివ్వను పొమ్మంటే, ఛాతీ మీద రాళ్లు పేర్చి చంపారు. రెబెకా నర్స్‌కి 71 ఏళ్లు, చెవులు సరిగా వినపడవు. జ్యూరీ మొదట నిర్దోషి అంది. పిల్లలు గోల పెట్టారు, ప్రధాన న్యాయమూర్తి మళ్లీ ఆలోచించమన్నాడు. జ్యూరీ ఏదో అడిగితే వినపడక ఆవిడ ఊరుకుంది. ఆ ఊరుకోవడమే నేరం ఒప్పుకున్నట్టయింది.

అల్లిపురం కుర్రోడు:

మాష్టారూ, వాళ్లు తిన్న రై ధాన్యానికి ఎర్గాట్ అనే బూజు పట్టిందని, ఆ విషం వల్లే పిల్లలకి మూర్ఛలు, భ్రమలు వచ్చాయని చదివాను. అంటే అసలు కారణం అదే కదా?

మా అమ్మ ఇంకో సంగతి చెబుతుంది. తన చిన్నతనంలో మా వీధి వీధంతా తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారట. రాత్రి దయ్యం వచ్చి తెలిసిన గొంతుతో పిలుస్తుందని, ఆ రాత చదివి వెళ్లిపోతుందని. మా అమ్మమ్మకి చదువు రాదు, పక్కింటి పిల్లాడి చేత బొగ్గుతో రాయించిందట. రాయకపోతే ఏమవుతుందోనన్న భయం, అంతే.

కంచరపాలెం మాష్టారు:

బాబూ, ఎర్గాట్ వాదం 1976లో వచ్చింది, అదే ఏడాది దానికి గట్టి జవాబులూ వచ్చాయి. నేను ఒప్పుకోను. నిందితురాలు గదిలోకి రాగానే పిల్లలు పడిపోయేవాళ్లు, ఆవిడ చెయ్యి తాకించగానే తేరుకునేవాళ్లు. కోర్టులో అది కూడా ఒక పరీక్షే. కడుపులోని విషానికి ఎవరు లోపలికి వచ్చారో ఎలా తెలుస్తుంది?

భయానికి కారణాలు వేరే ఉన్నాయి. ఉత్తరాన యుద్ధం నడుస్తోంది, కాలిపోయిన ఊళ్ల నుంచి తప్పించుకు వచ్చినవాళ్లు చుట్టుపక్కల తలదాచుకున్నారు. ఊళ్లో రెండు వర్గాలు, పాస్టరు జీతం మీద, చలికాలం వంటచెరకు మీద కూడా తగువులే. ఆ పిల్లలు రోజూ విన్నవి ఈ మాటలే. మీ అమ్మమ్మగారి బొగ్గు రాత సంగతి మాత్రం బాగా గుర్తుచేశావు. అక్కడ ఒక్క మనిషి మీదా నింద పడలేదు కనుక ప్రాణాలు పోలేదు.

పెందుర్తి నర్సు:

అక్కా, పాపకి నా మాటగా ఇది చెప్పండి: నువ్వు అబద్ధం చెప్పలేదు, నీ కాళ్లు తిమ్మిరెక్కడం నిజం.

ఇలా స్కూల్లో పడిపోయిన పిల్లల్ని నేను వార్డులో చూశాను. భయమేస్తే ఊపిరి వేగంగా, పైపైన తీసుకుంటాం. అలా తీస్తూ పోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. పెదాల చుట్టూ, వేళ్ల చివర జివ్వుమంటుంది, తల తిరుగుతుంది, ఇంకా ఎక్కువైతే వేళ్లు ముడుచుకుపోతాయి. ఆ పిల్ల నటించడం లేదు. పక్కనున్న పిల్ల అది కళ్లారా చూస్తుంది, తన గుండె దడదడలాడుతుంది, తనకీ అదే మొదలవుతుంది. దీన్నే డాక్టర్లు మూకుమ్మడి హిస్టీరియా అనేవాళ్లు, ఇప్పుడు ఆ పేరు అంతగా వాడరు. 1962లో ఆఫ్రికాలోని టాంగన్యికాలో (ఇప్పటి టాంజానియా) కషాషా అనే ఊరి బడిలో ముగ్గురు అమ్మాయిలతో మొదలైన నవ్వు 159 మందిలో 95 మందికి పాకింది. ఆపుకోలేని నవ్వు, మధ్యలో ఏడుపు. చివరికి బడి మూసేశారు.

అలాగని ముందే ఇదంతా భయమే అని కొట్టిపారేయకూడదు. నీళ్లు, తిండి, గ్యాస్ లాంటివి ముందు చూడాల్సిందే, మీ స్కూలు వాళ్లు ఆ పరీక్షలు చేయించి మంచి పని చేశారు. ఏమీ లేదని తేలాక, పడిన పిల్లల్ని మిగతావాళ్ల కంటపడకుండా వేరే గదిలో పడుకోబెట్టాలి. పక్కన ఒక్క మనిషి కూర్చుని నెమ్మదిగా మాట్లాడుతూ ఊపిరి నిదానంగా తీయించాలి. గుంపు మూగినా, ఫోన్లలో వీడియోలు తీసినా ఇంకో నలుగురు పడతారు. అన్నిటికంటే, ఎవరు చేశారని పిల్లల్ని అడగకూడదు. వాళ్లకి ఏమైందో, ఎలా ఉందో అడిగితే చాలు.

పాప ఎనిమిదో తరగతి అన్నారు కదా, ఇదీ చెప్పండి. సేలం కేసుల్లో ఎలిజబెత్ జాన్సన్ అనే ఆవిడకి అప్పుడు 22 ఏళ్లు. ఉరిశిక్ష వేశారు గానీ గవర్నరు ఆపాడు. తర్వాత ఒక్కొక్కరి పేరు మీద మచ్చ తుడిచేస్తూ వచ్చారు, ఈవిడది మిగిలిపోయింది. మసాచుసెట్స్‌లో నార్త్ ఆండోవర్ బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు, వాళ్ల టీచరు కాగితాలు వెతికి, చట్టసభ సభ్యులకి ఉత్తరాలు రాసి పట్టుబట్టారు. 2022లో ఆవిడ నిర్దోషి అని చట్టం చేశారు.

మర్రిపాలెం అమ్మ:

మాష్టారూ, చెల్లీ, మీరు రాసింది పాప చేతే చదివించాను. "నీ కాళ్లు తిమ్మిరెక్కడం నిజం" అన్న చోట ఏడ్చింది. తర్వాత బల్ల ముందు కూర్చుని గబగబా ఊపిరి తీసి చూసుకుంది, వేళ్లు జివ్వుమనగానే "అమ్మా, ఇదే, ఆ రోజు ఇదే" అంది.

ఆదివారం ఇద్దరం ఆవిడ కోసం వెతికాం. రైతుబజారు బయట కొత్తిమీర కట్టలు పెట్టుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి కట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది, లేచి వెళ్లిపోతుందేమో అనిపించింది. పాప దగ్గరకెళ్లి కూర్చుంది. "అవ్వా, నువ్వు నావంక ఏమీ చూడలేదు. నేను ఊరికే చెయ్యెత్తాను" అంది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "నానేటి సేసినానమ్మా" అని నన్నడిగింది, పాపని కాదు. మెసేజ్ పంపింది నేనేనని చెప్పాను. చెప్పేటప్పుడు నా చేతులు వణికాయి.

నిన్న రాత్రి రెండు గ్రూపుల్లోనూ రాశాను: నేను పంపింది తప్పు, ఆవిడకీ పిల్లలు పడిపోవడానికీ సంబంధం లేదు, టెస్టుల్లో ఏమీ రాలేదు. కొందరు బాగా రాశారన్నారు. ఇద్దరు నిప్పు లేనిదే పొగ రాదన్నారు. మొదటి మెసేజ్ పెట్టినావిడ గ్రూపులోంచి వెళ్లిపోయారు.

పాప చార్ట్‌లో ఒక పక్క ఆన్ పట్నం గురించి రాస్తోంది. నింద వేసిన పిల్లల్లో ఆమెకి అప్పుడు పన్నెండేళ్లట. 1706లో చర్చిలో అందరి ముందూ లేచి నిలబడితే, ఆమె క్షమాపణని పాస్టరు చదివి వినిపించాడట. మాష్టారూ, డొరొతీ పేరు కొన్ని చోట్ల డోర్కస్ అని ఉంది, ఏది రాయమంటారు?

కంచరపాలెం మాష్టారు:

డొరొతీ అనే రాయమనండి. పట్టుకోమని వారంటు రాసినవాడు డోర్కస్ అని తప్పు రాశాడు, అదే ఇన్నేళ్లూ పుస్తకాల్లో తిరిగింది.

మర్రిపాలెం అమ్మ:

అలాగే మాష్టారూ. నేరేడుపళ్ల అవ్వ పేరు కూడా స్కూల్లో ఒక్కరికీ తెలియదు. పాప అడిగి తెలుసుకుంది, ఇక్కడ రాయడం లేదు. ఆవిడ్ని మళ్లీ గేటు దగ్గర కూర్చోనివ్వాలంటే స్కూలు వాళ్లు ఒప్పుకోవాలి. సోమవారం పదింటికి వెళ్లి అడుగుతున్నాను. ఆ రోజు మెసేజ్ ఫార్వర్డ్ చేసిన తల్లిదండ్రులు ఇక్కడ ఎవరైనా ఉంటే నాతో రండి.