తక్కువ బడ్జెట్‌లో ఇంజిన్ పవర్ పెంచాలంటే ముందు ఏది మార్చాలి?

కొత్తచక్రం:
అందరికీ నమస్కారం. నాది 150 సీసీ బండి, ఎయిర్ కూల్డ్, కార్బురేటర్ మోడల్. 42,000 కిలోమీటర్లు తిరిగింది. బోర్ (సిలిండర్ వెడల్పు) 57 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 58. పికప్ అస్సలు చాలట్లేదు. మూడు నెలలు కూడబెట్టిన డబ్బుంది, పెద్ద మొత్తమేం కాదు. పొగని సులువుగా వదిలే ఫ్రీ ఫ్లో సైలెన్సర్, గాలి ఎక్కువ పీల్చే కోన్ ఫిల్టర్, సిలిండర్ వెడల్పు చేసి పెద్ద పిస్టన్ వేసే 60 మి.మీ. బోర్ కిట్ అనుకుంటున్నా. మూడూ ఒకేసారి కుదరవు. ఏది ముందు?

రెడ్‌లైన్‌బాబు:
బోర్ కిట్. ఆలోచించక్కర్లేదు. 57 నుంచి 60కి వెళ్తే 148 సీసీ కాస్తా 164 అవుతుంది, దాదాపు 11 శాతం. సైలెన్సర్ మారిస్తే ముందు చప్పుడు వస్తుంది, తర్వాత కూడా చప్పుడే వస్తుంది. నేను కిట్ వేసి 18,000 కి.మీ. తిప్పాను, ఇప్పటికీ ఒక్క కిక్‌కి స్టార్ట్.

పాతపిస్టన్:
కొత్తచక్రం గారూ, పికప్ కొన్నప్పుడు కూడా చాలలేదా, ఈమధ్యే తగ్గిందా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు. తగ్గిందంటే ఏమీ కొనకండి. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పండి. వెంటనే ఆగిపోతుంటే బ్రేక్ పట్టేస్తోంది. రోడ్డు మీద టాప్ గేర్‌లో ఒక్కసారి థ్రాటిల్ తిప్పితే ఇంజిన్ అరుస్తుంది కానీ బండి వేగం పెరగదంటే క్లచ్ ప్లేట్లు పోయాయి. ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) ఎప్పుడు సెట్ చేయించారో గుర్తుందా? ఎగ్జాస్ట్ వాల్వ్ క్లియరెన్స్ తగ్గిపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, అక్కడే కారిపోతుంది. ఇవన్నీ చూశాక కంప్రెషన్ గేజ్ పెట్టి చూడండి. పోయిన పవర్ వెనక్కి తెచ్చుకోవడం కన్నా చవకైన అప్‌గ్రేడ్ లేదు.

చైన్‌లూబ్:
ఇంజిన్ వైపున్న ముందు స్ప్రాకెట్‌కి (చైన్ తిప్పే పళ్ల చక్రం) 15 పళ్లుంటే 14 వేయండి. పని అయిపోతుంది.

రెడ్‌లైన్‌బాబు:
స్ప్రాకెట్ మారిస్తే పవర్ పెరగదు చైన్‌లూబ్ గారూ. అడిగింది ఇంజిన్ అప్‌గ్రేడ్.

చైన్‌లూబ్:
పవర్ పెరుగుతుందని నేను అన్నానా? చక్రం దగ్గర తోపు 7 శాతం పెరుగుతుంది. 15ని 14తో భాగించి చూసుకోండి.

రెడ్‌లైన్‌బాబు:
మరి టాప్ స్పీడ్? గంటకి వంద కి.మీ. వేగంలో ఇంతకుముందు 7,500 ఆర్‌పీఎం తిరిగే ఇంజిన్ ఇప్పుడు 8,000 దాటుతుంది. మైలేజీ పోతుంది, వైబ్రేషన్ పెరుగుతుంది. దాన్ని అప్‌గ్రేడ్ అనరు, సర్దుబాటు అంటారు.

చైన్‌లూబ్:
150 సీసీ బండి టాప్ గేర్‌లో వంద మీద ఎంతసేపు నడుపుతామండీ? రోజూ వాడేది రెండు, మూడు గేర్లు.

రెడ్‌లైన్‌బాబు:
మళ్లీ అదే. పవర్ అంటే టార్క్ (తిప్పే బలం), ఆర్‌పీఎం రెండిటినీ గుణిస్తే వచ్చేది. క్రాంక్ దగ్గర, అంటే ఇంజిన్ షాఫ్ట్ దగ్గర, అది ఇసుమంత కూడా మారలేదు.

ఒంటిచేయిక్లచ్:
స్ప్రాకెట్ ఇంజిన్‌లో భాగమా కాదా అని ఆరు పోస్టులు. అడిగిన మనిషి పారిపోయినట్టున్నాడు.

కొత్తచక్రం:
ఉన్నానండీ. పికప్ ఈమధ్యే తగ్గింది. వెనక చక్రం బాగానే తిరుగుతోంది, క్లచ్ కూడా ఓకే. గేజ్ ఇంకా దొరకలేదు. ఈలోపు కోన్ ఫిల్టర్ ఒక్కటైనా వేసేయమంటారా? అన్నిట్లో చవక అదే.

పాతపిస్టన్:
వద్దు. మీ కార్బురేటర్ సీవీ (కాన్‌స్టెంట్ వెలాసిటీ) టైపు అయితే అందులో గాలి దారిని తెరిచే స్లైడ్ లేచేది గాలి ఒత్తిడిలో తేడా వల్ల. ఎయిర్‌బాక్స్ (ఫిల్టర్ ఉండే డబ్బా) తీసేస్తే ఆ లెక్క తప్పుతుంది. గాలి ఎక్కువై పెట్రోల్ అంతే ఉంటే మిక్స్చర్ లీన్ అవుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. అప్పుడు పెట్రోల్ వచ్చే మెయిన్ జెట్ మార్చాలి, నీడిల్ క్లిప్ జరపాలి, మళ్లీ మళ్లీ ప్లగ్ విప్పి రంగు చూడాలి. తెల్లగా కాలిపోయినట్టుంటే లీన్, నల్లటి మసి ఉంటే రిచ్ (పెట్రోల్ ఎక్కువ), లేత గోధుమ రంగుకి వచ్చేదాకా పని ఆగదు. చవక ఫిల్టర్ అని కొంటే వెనకాల ఇంత ఉంటుంది. పైగా అది పీల్చేది ఇంజిన్ పక్కనున్న వేడి గాలిని.

రెడ్‌లైన్‌బాబు:
జెట్లు మార్చడం బ్రహ్మవిద్యేం కాదు. నాలుగు జెట్లు కొనుక్కుని ఒక ఆదివారం కూర్చుంటే వచ్చేస్తుంది. ఈ ఫోరమ్‌లో ఎవరు ఏది అడిగినా పిస్టన్ గారు ముందు భయపెడతారు.

పాతపిస్టన్:
భయపడ్డవాణ్ణి కాబట్టి చెప్తున్నా. నేనూ బోర్ కిట్ వేయించాను. సిలిండర్ బోరుకి ఇచ్చినతను పిస్టన్ కొలవకుండా కిట్ డబ్బా మీది సైజు చూసి బోరు కొట్టాడు. పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య క్లియరెన్స్ చాల్లేదు. 300 కిలోమీటర్లకే, నిండు ఎండలో, ఎత్తు ఎక్కుతుంటే వెనక చక్రం ఒక్కసారిగా లాక్ అయింది. క్లచ్ పట్టాను కాబట్టి ఇవాళ టైప్ చేస్తున్నా. విప్పి చూస్తే పిస్టన్ స్కర్ట్ మీద నిలువునా గీతలు, అల్యూమినియం కరిగి సిలిండర్ గోడకి అంటుకుపోయింది. అతనేమో "మీరు రన్నింగ్ ఇన్ (కొత్తలో నెమ్మదిగా నడపడం) సరిగ్గా చేయలేదు" అన్నాడు. నెలన్నర బస్సులో ఆఫీసుకి వెళ్లాను. బాబు గారికి 18,000 తిరిగింది, సంతోషం. అందరికీ అలా జరగదు.

రెడ్‌లైన్‌బాబు:
ఒకడు తప్పు కొలత కొడితే బోర్ కిట్ తప్పా? అయినా నాకు గుర్తుంది. నేను మొదటిసారి ఇక్కడ ఇదే ప్రశ్న అడిగినప్పుడు నువ్వే అన్నావు, "అంత పవర్ కావాలంటే డబ్బు పోగేసుకుని పెద్ద బండి కొనుక్కో" అని. పదిమంది నవ్వారు. నాకు పెద్ద బండి కొనే స్తోమత లేదు కాబట్టే అడిగాను. చేతిలో కాసిని డబ్బులున్నవాడు ఇంజిన్ ముట్టుకోకూడదా? ఆయిల్ మార్చుకుని, చైన్ తుడుచుకుని కూర్చోవాలా?

ఒంటిచేయిక్లచ్:
మీరు కాస్తా నువ్వు అయింది.

పాతపిస్టన్:
ఆ మాట అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. కానీ నేను చెప్పాలనుకున్నది వేరే. బడ్జెట్ అంటే కిట్ ధర కాదు. కిట్, రీజెట్టింగ్, గాస్కెట్లు, లేబర్, అన్నిటికీ మించి అది ఫెయిలైతే రెండోసారి పెట్టుకునే డబ్బు. ఆ రెండోది లేనివాడికి ఉన్న ఒక్క బండీ మూలన పడుతుంది. కంప్రెషన్ సంగతి కూడా చూడు. పైన మంట పుట్టే చాంబర్ అంతే ఉండి 148 సీసీ 164 అయితే 9.5 ఉన్న కంప్రెషన్ రేషియో తనంతట తానే 10.4 దాకా పోతుంది. మామూలు పెట్రోల్‌తో, ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌లో, ఎండలో లోడు మీద నాకింగ్ (మిక్స్చర్ తనంతట తానే పేలడం) మొదలైతే ఏం చేస్తాడు?

రెడ్‌లైన్‌బాబు:
తల మీద గుంట (డిష్) ఉన్న పిస్టన్ వేస్తే రేషియో పెరగదు. నా కిట్‌లో అదే. ఈ ముక్క మొదట్లోనే చెప్పాల్సింది, ఒప్పుకుంటా. రెండోసారికి డబ్బు ఉంచుకోమన్నది మాత్రం నేను వినను. అలా చూస్తే ఎవడూ ఏదీ మొదలుపెట్టడు.

కొత్తచక్రం:
గేజ్ దొరికింది. ఇంజిన్ వేడెక్కాక ప్లగ్ తీసి, థ్రాటిల్ ఫుల్లుగా తెరిచి, ముల్లు ఆగేదాకా కిక్ కొట్టాను. 105 పీఎస్‌ఐ. ప్లగ్ కన్నంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 140. ఇది మంచిదా, చెడ్డదా?

పాతపిస్టన్:
ఆయిల్ పోస్తే అంత పెరిగిందంటే కారేది వాల్వుల్లోంచి కాదు, పిస్టన్ రింగుల పక్కనుంచి. రింగులు గానీ, సిలిండర్ గానీ, రెండూ గానీ అరిగాయి. ఆయిల్ కూడా తగ్గుతూ ఉండాలే?

కొత్తచక్రం:
అవునండీ, నెలకోసారి పోస్తున్నా. పాత బండి కదా, మామూలే అనుకున్నా.

రెడ్‌లైన్‌బాబు:
చూశారా! ఎలాగూ హెడ్ దించాలి, ఎలాగూ సిలిండర్ బోరుకి ఇవ్వాలి, పిస్టన్ కొత్తది కొనాలి. లేబర్ అంతా ఎటూ పెట్టేదే. అప్పుడు 60 ఎందుకు వేయకూడదు?

పాతపిస్టన్:
ఇప్పుడు నీ ప్రశ్న సరైన ప్రశ్న. ముందు సిలిండర్‌లో ఉన్నది ఇనప స్లీవా (లోపలి గొట్టం), ప్లేటింగా (పూత) చూడాలి. ప్లేటింగ్ అయితే మామూలుగా బోరు కొట్టి వదిలేయడం కుదరదు. స్లీవ్ అయితే 60కి చుట్టూ ఒకటిన్నర మి.మీ. చొప్పున పోతుంది. మిగిలిన గోడ ఎంత మందమో కొలవకుండా ఎవరూ మాట ఇవ్వకూడదు. కంపెనీ ఓవర్‌సైజ్ పిస్టన్, 0.50 మి.మీ. పెద్దది, దొరికితే 57.5 అవుతుంది. సీసీ 150 దాటుతుంది అంతే, కానీ పోయిన పికప్ మొత్తం తిరిగొస్తుంది.

చైన్‌లూబ్:
57.5, 14 పళ్లు. నేను మొదటే చెప్పా.

కొత్తచక్రం:
సిలిండర్ విప్పించాను. ఇనప స్లీవే. ఒక పక్క గోరు తగిలేంత గాడి పడింది. మెషిన్ షాపతను మందం కొలిచి, 60 చేస్తే కింది అంచు మరీ పల్చనవుతుంది, నేను బాధ్యత తీసుకోను అన్నాడు. 57.5 పిస్టన్ తెచ్చాను. పిస్టన్ చేతికిచ్చి, దీన్ని కొలిచాకే బోరు కొట్టండి అని పక్కనే నిల్చున్నా. స్ప్రాకెట్ కూడా తీసుకున్నా. సైలెన్సర్ డబ్బు మిగిలింది.

రెడ్‌లైన్‌బాబు:
రింగ్ చివరల మధ్య గ్యాప్‌ని ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులు) చూసుకున్నాకే బిగించమను. రింగులు సర్దుకునేదాకా ఒకే స్పీడ్‌లో నడపకు, ఆయిల్ తొందరగా మార్చు. వేరే సిలిండర్ ఏదైనా దొరికితే 60 గురించి మళ్లీ మాట్లాడదాం.

పాతపిస్టన్:
మాట్లాడక్కర్లేదు.